గ్రబ్ స్ట్రీట్‌లో రాత కూలి ఎంత?

1755లో శామ్యూల్ వైట్ అనే ఆయన ఒక పుస్తక వ్యాపారిని వెంటబెట్టుకుని లండన్ శివార్లలో, క్లార్కెన్‌వెల్ దగ్గర పాక లాంటి ఒక ఇంటికి వెళ్లాడు. అక్కడ ఒకావిడ నవల రాసి పెట్టుకుందని, కొనేవాళ్ల కోసం చూస్తోందని కబురు. లోపల చలిమంట పేరుకే ఉంది. విరిగిన కుర్చీలో ఆవిడ, కాళ్ల దగ్గర ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న కుక్క. ఒళ్లో మంట రాజేసే తోలుతిత్తి ఒకటి, దాని గొట్టం ఎప్పుడో ఊడిపోయింది, ఆవిడకు రాతబల్ల అదే. పగిలిన టీ కప్పులో సిరా. అరిగిపోయి మొండిదైన ఈక కలం ఒకే ఒక్కటి. వచ్చినవాళ్లు కూర్చోడానికి కుంటికాళ్ల చెక్క ఒకటి తెచ్చి వేశారు. నవల చదివి వినిపించడం అయ్యాక ఆవిడ ముప్ఫై గినీలు అడిగింది. వ్యాపారి ఐదు అన్నాడు. సాగి సాగి చివరికి పది దగ్గర తెగింది.

ఆవిడ పేరు షార్లెట్ చార్క్. తండ్రి కోలీ సిబ్బర్ అప్పటికి ఇంగ్లండ్ ఆస్థానకవి, కూతుర్ని దగ్గరికి రానివ్వడం మానేసి చాలా ఏళ్లయింది. వైట్ ఈ సంగతంతా ఎన్నో ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాశాడు కాబట్టి కొంచెం రంగు పులిమి ఉండొచ్చు. బేరం మాత్రం అచ్చంగా ఆ కాలపు బేరమే.

లెక్కలు అర్థం కావాలంటే ముందు డబ్బు సంగతి. పౌండుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. 1590ల లండన్‌లో మామూలు కూలీకి రోజుకు సుమారు పది పెన్నీలు గిట్టేవి. ఈ కూలీ లెక్క గుర్తుంటే చాలు, మిగతాదంతా సులువు.

లండన్ గోడకు ఉత్తరాన, క్రిపుల్‌గేట్ బయట, మూర్‌ఫీల్డ్స్ పక్కన గ్రబ్ స్ట్రీట్ అనే వీధి నిజంగానే ఉండేది. అద్దెలు తక్కువ, ఇరుకు సందులు. పొట్ట కోసం రాసేవాళ్లు అక్కడ ఎక్కువగా చేరడంతో, 1630 నాటికే ఆ పేరు చవకబారు రాతకు తిట్టుగా మారిపోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఆ మాటకు అర్థం ఇస్తూ, చిన్నాచితకా చరిత్రలు, నిఘంటువులు, నాలుగు రోజుల కవితలు రాసేవాళ్లు ఎక్కువగా ఉండే వీధి అన్నాడు. నిఘంటువులు రాసేవాళ్లు అన్న మాట నిఘంటువులోనే పెట్టడం తన మీద తాను వేసుకున్న జోకు. అలా రాసేవాళ్లకు వచ్చిన పేరు హ్యాక్. లండన్‌లో అద్దెకు తిప్పే గుర్రాన్ని హ్యాక్నీ అనేవారు, ఎవరు డబ్బిస్తే వాళ్లను మోసుకెళ్లే గుర్రం. రచయితకు అదే పేరు అంటుకుంది.

వీళ్లు ఎందుకు అంత పేదగా బతికారంటే మామూలుగా వినపడే జవాబులు రెండు: తాగుబోతులు, రాయడం చేతకానివాళ్లు. తాగినవాళ్లు ఉన్నారు, చెత్త రాసినవాళ్లు బోలెడు మంది ఉన్నారు. కానీ రాయడం బాగా వచ్చినవాళ్లు కూడా అదే అటకగదుల్లో, అదే అప్పుల జైళ్లలో తేలారు కాబట్టి ఆ జవాబు సరిపోదు. చదివేవాళ్లు లేకనా అంటే, సుమారు 1570 నుంచి 1770 దాకా ఆ రెండొందల ఏళ్లలో పాఠకులు పెరుగుతూనే పోయారు. పుస్తకం మీద డబ్బు వచ్చింది, అది రాసినవాడి దాకా రాలేదు, అంతే. ఎందుకు రాలేదన్నది చట్టం చూస్తే తెలుస్తుంది.

1557లో స్టేషనర్స్ కంపెనీ అనే ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల సంఘానికి రాజపత్రం దక్కింది. ఆ తర్వాత పుస్తకం మీద హక్కు అంటే ఆ సంఘం చిట్టాలో పేరు రాయించుకున్న సభ్యుడి హక్కు. రాసినవాడు అందులో సభ్యుడు కాదు. రాతప్రతి చేతులు మారేటప్పుడు ఏదిస్తే అదే, తర్వాత పది ముద్రణలు వేసినా పైసా రాదు. ఎలిజబెత్ కాలంలో కరపత్రం లాంటి చిన్న పుస్తకానికి పలికే ధర నలభై షిల్లింగులని పేరు. 1600 ప్రాంతంలో కేంబ్రిడ్జి విద్యార్థులు ఆడిన ఒక నాటకంలో, జాన్ డాంటర్ అనే నిజమైన ముద్రాపకుడి పాత్ర ఒకటి వస్తుంది, ఆయన రచయితకు నలభై షిల్లింగులూ కాస్త మద్యమూ ఇస్తానంటాడు. నలభై షిల్లింగులంటే కూలీకి దాదాపు నలభై ఎనిమిది రోజుల సంపాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రతి నెలన్నరకూ ఒక పుస్తకం రాసి, దాన్ని అమ్మి, మళ్లీ ఇంకోటి మొదలుపెడితేనే ఒక కూలీ స్థాయి బతుకు సాగుతుంది. పైగా వీళ్లలో చాలామంది కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ పట్టాలున్నవాళ్లు. చర్చిలోనో దొరల ఇళ్లలోనో ఉద్యోగం వస్తుందని చదివారు. పట్టాలు పెరిగినంతగా ఉద్యోగాలు పెరగలేదు.

మిల్టన్ లాంటి మహాకవి పరిస్థితీ ఇంతే. 1667లో పారడైజ్ లాస్ట్ ఇచ్చినందుకు చేతిలో పడ్డది ఐదు పౌండ్లు, మొదటి ముద్రణ అమ్ముడయ్యాక ఇంకో ఐదు. ఆయన పోయాక భార్య మిగిలిన హక్కంతా ఎనిమిది పౌండ్లకు వదిలేసుకుంది.

అమ్మకం మీద రానిది అంకితం మీద రాబట్టాలని చూసేవాళ్లు. కృతిపతి దొరికితే పంట పండినట్టే అన్న లెక్క మనకు కొత్త కాదు కదా. అయితే అచ్చు వచ్చాక అంకితాలు గుట్టలయ్యాయి, ఇచ్చే చేతులు అన్ని లేవు. రిచర్డ్ రాబిన్సన్ అనే ఒక సామాన్య రచయిత తను ఎవరికి ఏం అంకితమిచ్చాడో, ఎంత వచ్చిందో చిట్టా రాసి పెట్టుకున్నాడు. ముద్రాపకుడు ఆయనకు డబ్బుకు బదులు పాతిక దాకా పుస్తకాలు ఇచ్చేవాడు, వాటిని ఇల్లిల్లూ తిరిగి అమ్ముకోవాలి. సర్ ఫిలిప్ సిడ్నీ నలభై షిల్లింగులు ఇచ్చాడు, ఆయన తండ్రి పది ఇచ్చాడు. 1595లో ఏకంగా ఎలిజబెత్ రాణికే ఒక భక్తి పుస్తకం సమర్పించుకున్నాడు. ఆవిడ అధికారి చేత చెప్పించిన జవాబు సారాంశం: మంచి మనసుతో తెచ్చావు, సంతోషం, కానీ ఈ పని చెయ్యమని నీకు మేం పురమాయించలేదు, కాబట్టి కూలి ఇవ్వం. ఆ కాలపు రచయితల బాధ మీద ఇంతకన్నా సూటి మాట దొరకదు. పురమాయించనిదే కూలి లేదు, పురమాయించేవాడేమో వ్యాపారి ఒక్కడే.

ఇంకొందరు తెలివి మీరారు. నాటకకర్త థామస్ డెక్కర్ 1608లో వీళ్ల మోసం ఒకటి బయటపెట్టాడు: ఒకే పుస్తకం, మొదట ఉండే అంకితం పేజీ మాత్రం ఊరూరికీ మార్చి, ఒక్కో దొర దగ్గరికీ "ఇది మీకే అంకితం" అంటూ వెళ్లడం. ప్రతి దొరా తనొక్కడే కృతిపతినని మురిసి చేతిలో ఏదో పెట్టేవాడు. దొంగతనమే, కాదనలేం, కానీ ఆ ఆలోచనలో కొంచెం పనితనం లేకపోలేదు. రాబర్ట్ గ్రీన్ మీదా ఇలాంటి నింద ఉంది. ఒక నాటకాన్ని రాణిగారి బృందానికి ఇరవై నోబుళ్లకు, అంటే ఆరున్నర పౌండ్ల పైచిలుకుకు అమ్మి, వాళ్లు ఊళ్ల మీదికి వెళ్లగానే అదే నాటకాన్ని ఇంకో బృందానికి మళ్లీ అంతకే అమ్మాడని 1592లో ఎవరో అచ్చు వేయించారు.

ఆ ఏడాదే గ్రీన్ చనిపోయాడు. రెండు విశ్వవిద్యాలయాల్లోనూ ఎం.ఏ. పట్టా, ఊరంతా చదివే కరపత్రాలు, అయినా చివరి రోజులు డౌగేట్ దగ్గర ఒక చెప్పులు కుట్టేవాడి ఇంట్లో గడిచాయి. ఊరగాయ చేపలు, రైన్ వైన్ ఎక్కువై జబ్బు పడ్డాడని ఆయన శత్రువు గాబ్రియేల్ హార్వీ ప్రచారం చేశాడు. ఆ ఇంటాయనకు పది పౌండ్ల బాకీ రాసిచ్చి, ఎప్పుడో వదిలేసిన భార్యకు ఉత్తరం రాశాడు: ఇతని బాకీ తీర్చు, ఇతనూ ఇతని భార్యా ఆదుకోకపోతే నేను వీధిలో చచ్చేవాణ్ణి అని. శవానికి చుట్టే గుడ్డకు నాలుగు షిల్లింగులు, పాతిపెట్టడానికి ఆరు షిల్లింగుల నాలుగు పెన్నీలు అయ్యాయని హార్వీయే లెక్క రాశాడు. ఆ ఇల్లాలు మాత్రం శవం తల మీద కవులకు పెట్టే ఆకుల కిరీటం పెట్టిందట. హార్వీ దాన్ని వెటకారంగా చెప్పాడు, కానీ ఆ మొత్తం కథలో మనిషితనం కనపడే ఒకే చోటు అదే.

వీళ్లందరిలో వ్యాపారిని పక్కకు తప్పించి నేరుగా పాఠకుడి జేబులో చెయ్యి పెట్టాలని చూసినవాడు జాన్ టేలర్. థేమ్స్ నదిలో పడవ నడిపే మనిషి, అందుకే నీటికవి అనిపించుకున్నాడు. 1618లో చేతిలో పైసా లేకుండా లండన్ నుంచి స్కాట్లండ్ దాకా వెళ్లి వస్తానని, వచ్చి పుస్తకం రాస్తానని, అప్పుడు డబ్బిస్తే చాలని పదహారు వందల మందికి పైగా సంతకాలు పెట్టించుకున్నాడు. ఇప్పటి క్రౌడ్‌ఫండింగే. మాట ప్రకారం వెళ్లి వచ్చాడు, పుస్తకం రాశాడు. తీరా చూస్తే సుమారు ఏడొందల యాభై మంది మొహం చాటేశారు. ఆయనేం చేశాడంటే, ఎగ్గొట్టినవాళ్లను తిడుతూ ఇంకో పుస్తకం రాసి అదీ అమ్ముకున్నాడు. ఇంకోసారి కాగితంతో చేసిన పడవలో, కర్రలకు ఎండు చేపలు కట్టి తెడ్లుగా వేస్తూ థేమ్స్ మీద బయల్దేరాడు. కాగితం నానిపోయింది, గాలి నింపిన తిత్తులు కట్టి ఉండబట్టి బతికిపోయారు. జనం నవ్వారు, పుస్తకం కొన్నారు. పడవ కూలి ఎటూ ఉంది కాబట్టి రాత మీద జూదం ఆడగలిగాడు; మిగతావాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

వెసులుబాటు లేనివాళ్లకు ఏమయ్యేదో చెప్పాలంటే అప్పు చట్టం దగ్గరికి రావాలి. లండన్ బతుకంతా అరువు మీద నడిచేది, పాలమనిషికి బాకీ, దర్జీకి బాకీ, గది ఇచ్చినామెకు బాకీ. వాళ్లలో ఎవరికి విసుగొచ్చినా అరెస్టు చేయించొచ్చు. ముందు పోలీసు జవాను లాంటివాడు తన ఇంట్లోనే పెట్టుకుని తిండికీ పక్కకూ డబ్బు గుంజుతాడు, అక్కడా తీర్చలేకపోతే జైలు. జైల్లో ఉన్నన్నాళ్లూ అక్కడి ఖర్చులూ ఖైదీవే. సంపాదించాల్సిన మనిషిని లోపల పెట్టి బాకీ తీర్చమనడం ఎంత తిక్క పనో ఆ కాలం వాళ్లకూ తెలుసు, అయినా నడిచిపోయింది. డెక్కర్‌ను 1598లో జైలు నుంచి విడిపించడానికి నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్లో నలభై షిల్లింగులు ఇచ్చినట్టు ఆయన పద్దుపుస్తకంలో ఉంది. ఊరికే ఇవ్వలేదు, నాటకాలు కావాలి కాబట్టి ఇచ్చాడు. తర్వాత 1612 నుంచి 1619 దాకా డెక్కర్ మళ్లీ జైల్లోనే.

ఆడవాళ్లకు ఈ బేరం ఇంకా కష్టం, ఎందుకంటే డబ్బు కోసం రాసే ఆడదాన్ని ఒళ్లమ్ముకునేదానితో సమానంగా చూసేవారు. నాటకకర్త అఫ్రా బెన్ ఆ నోళ్లను లెక్క చేయకుండా, తిండి కోసం రాస్తున్నానని, అది ఒప్పుకోవడానికి సిగ్గుపడనని అచ్చులోనే చెప్పింది. అదే బెన్ తన కవితల పుస్తకానికి ఇంకో ఐదు పౌండ్లు కలపమని వ్యాపారి జేకబ్ టాన్సన్‌ను బతిమాలుతూ రాసిన ఉత్తరం కూడా మిగిలింది.

1695లో అచ్చు అనుమతుల చట్టం గడువు తీరిపోయింది, మళ్లీ పొడిగించలేదు. పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి, రాసేవాళ్లకు పని పెరిగింది. 1710లో వచ్చిన చట్టం మొదటిసారి హక్కు రచయితదే అంది, పద్నాలుగేళ్లు, బతికుంటే ఇంకో పద్నాలుగేళ్లు. కాగితం మీద ఇది పెద్ద విజయం. గదిలో మాత్రం పెద్దగా మారింది లేదు, ఎందుకంటే హక్కు చేతిలో పెట్టుకుని కూర్చోడానికి ఈ పూట భోజనం ఉండాలి. అద్దె కట్టాల్సిన శనివారం నాడు పద్నాలుగేళ్ల హక్కును ఒక్క సంతకంతో వ్యాపారికి రాసిచ్చేసేవాళ్లు. చట్టం వల్ల నిజంగా లాభపడ్డది ఆగి బేరం చేయగల, కవి అలెగ్జాండర్ పోప్ లాంటివాళ్లు. హోమర్ ఇలియడ్ అనువాదం మీద ఆయనకు ఐదు వేల పౌండ్ల దాకా వచ్చాయి, ముందే చందాలు కట్టించుకున్నాడు. అదే పోప్ 1728లో గ్రబ్ స్ట్రీట్ రచయితలను ఎగతాళి చేస్తూ పెద్ద కావ్యం రాశాడు. ఆకలిని తెలివితక్కువతనానికి రుజువుగా చూపించడం అందులో పదే పదే కనిపిస్తుంది. ఇవాళ మనకు తెలిసిన గ్రబ్ స్ట్రీట్ బొమ్మలో సగం గీసింది ఆయనే అన్న సంగతి మర్చిపోకూడదు.

మిగతా సగంలో కొంత హోగార్త్‌ది. ఆయన గీసిన పేద కవి చిత్రంలో అటకగది, కిటికీ దగ్గర బుర్ర గోక్కుంటున్న కవి, చినిగిన బట్ట కుడుతున్న భార్య. గుమ్మంలో పాలమ్మి బాకీ లెక్క చూపించి అరుస్తోంది. ఈ గొడవలో వెనక కుక్క ఒకటి మాంసం ముక్క ఎత్తుకుపోతోంది. చిత్రంలో కవి రాస్తున్న కవిత పేరు పేదరికం. తర్వాత మార్చి అచ్చు వేసినప్పుడు ఆ పేరు ధనం అయింది, గోడ మీద పెరూ బంగారు గనుల పటం వేలాడింది.

చిత్రం కన్నా నిజమే ఘోరంగా ఉండేది. శామ్యూల్ బాయ్స్ అనే కవి ఒంటి మీది బట్టలన్నీ తాకట్టు పెట్టేశాక మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, దుప్పటికి చెయ్యి పట్టేంత బొక్క చేసి, అందులోంచి చెయ్యి బయటపెట్టి మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసేవాడు. ఆ పద్యాలు వెళ్లేది ఎడ్వర్డ్ కేవ్ నడిపే జెంటిల్మన్స్ మ్యాగజైన్‌కి, అక్కడ పంక్తుల లెక్కన డబ్బులు. బయటికి వెళ్లాల్సి వస్తే తెల్ల కాగితం కత్తిరించి మెడకూ మణికట్లకూ చుట్టుకునేవాడు, లోపల చొక్కా ఉందనుకుంటారని. ఒకసారి జాన్సన్ ఆరేసి పెన్నీల చొప్పున చందాలు పోగుచేసి బాయ్స్ బట్టలు విడిపించాడు. రెండ్రోజుల్లో మళ్లీ తాకట్టుకు వెళ్లాయి.

జాన్సన్ ఆ రోజుల్లో తన దగ్గరా ఆరు పెన్నీలంటే మాటలు కాదని తర్వాత చెప్పాడు. 1737లో లండన్ వచ్చి కేవ్ దగ్గర కుదిరాడు. పార్లమెంటు చర్చలు అచ్చు వేయకూడదు కాబట్టి లిల్లీపుట్ సభ చర్చలు అనే ముసుగులో అవి వచ్చేవి. చాలావాటిని జాన్సన్ సభలో అడుగు పెట్టకుండానే, ఎవరు ఏ వైపు మాట్లాడారో చీటీ మీద తెలుసుకుని గదిలో కూర్చుని అల్లాడు. 1744లో స్నేహితుడు రిచర్డ్ సావేజ్ జీవితచరిత్ర రాస్తే పదిహేను గినీలు వచ్చాయి. ఆ సావేజ్ ముందు ఏడాదే బ్రిస్టల్‌లో అప్పుల జైల్లో పోయాడు. ఇద్దరూ గది అద్దెకు డబ్బుల్లేక రాత్రంతా లండన్ వీధులు చుట్టిన రోజులున్నాయి. ఆ పుస్తకం చదివి వాల్టర్ హార్ట్ అనే పెద్దమనిషి కేవ్ ఇంట్లో భోజనం దగ్గర తెగ మెచ్చుకున్నాడు. తర్వాత కలిసినప్పుడు కేవ్, ఆ రోజు నీ మాటలకు ఒక మనిషి ఎంతో సంతోషించాడు అన్నాడట. అదెలా, మనిద్దరమే కదా ఉన్నాం అంటే, తెర వెనక్కి ఒక పళ్లెం పంపడం చూశావు కదా, అక్కడ తిన్నది జాన్సనే, బట్టలు చిరిగిపోయి ఉన్నాయని బయటికి రాలేదు అన్నాడు.

నిఘంటువుకు 1746లో కుదిరిన మొత్తం 1,500 గినీలు. బాగా పెద్ద మొత్తంలా ఉంది, కానీ అందులోంచే ఆరుగురు సహాయకుల జీతాలు, తొమ్మిదేళ్ల తిండీ వెళ్లాలి. అది అచ్చయిన మరుసటి ఏడాది, 1756లో, ఐదు పౌండ్ల పద్దెనిమిది షిల్లింగుల బాకీకి జాన్సన్‌ను అరెస్టు చేశారు. నవలాకారుడూ ముద్రాపకుడూ అయిన శామ్యూల్ రిచర్డ్‌సన్ ఆరు గినీలు పంపి విడిపించాడు.

డబ్బున్న వైపు కూడా ఒకటుంది, అది చెప్పకపోతే లెక్క తప్పుతుంది. ప్రధాని వాల్‌పోల్ ప్రభుత్వం పదేళ్లలో తనకు అనుకూలంగా రాసే పత్రికలకు, రాతగాళ్లకు యాభై వేల పౌండ్లకు పైగా కుమ్మరించిందని 1742లో పార్లమెంటు కమిటీ తేల్చింది. అందులో విలియం ఆర్నాల్ అనే ఒక్కడికే నాలుగేళ్లలో పదకొండు వేల దాకా ముట్టింది. పురమాయించేవాడు దొరికితే కూలి వస్తుంది అన్న రాణిగారి సూత్రం ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది. దొరకనివాళ్లు ఎడ్మండ్ కర్ల్ లాంటి వ్యాపారుల కింద చేరి, ఎవరైనా పెద్దమనిషి చచ్చిన వారానికే ఆయన జీవితచరిత్ర, లేని వీలునామాతో సహా, వండి వార్చేవారు. చావుకు ఇదొక కొత్త భయం తోడైందని డాక్టర్ ఆర్బత్‌నాట్ జోకు వేశాడు.

ఒప్పందాలు ఎంత దూరం పోయాయంటే, క్రిస్టఫర్ స్మార్ట్ అనే మంచి కవి 1750ల్లో ఒక మాసపత్రికకు తొంభై తొమ్మిదేళ్లు రాస్తానని, ఇంకెక్కడా రాయనని సంతకం పెట్టాడని జాన్సన్ జీవితచరిత్రకారుడు బాస్వెల్ రాశాడు. స్మార్ట్ మతి చెదిరి ఉన్నప్పుడు ఆ షరతులు తెలియక జాన్సన్ ఆయన తరఫున కొన్ని నెలలు రాసిపెట్టాడు. స్మార్ట్ 1771లో అప్పుల జైల్లోనే పోయాడు.

అంతకు ముందు ఏడాది, 1770 వేసవిలో, బ్రిస్టల్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల థామస్ చాటర్టన్ లండన్‌లో రోజుకొకటి చొప్పున రాస్తున్నాడు. పదహారు పాటలకు కలిపి వచ్చింది పదిన్నర షిల్లింగులు, పాటకు ఎనిమిది పెన్నీలు కూడా లేదు. లండన్ మేయర్ బెక్‌ఫర్డ్ ఆయన రాజకీయ వ్యాసాలకు అండగా ఉంటాడనుకుంటే జూన్‌లో హఠాత్తుగా చనిపోయాడు. చాటర్టన్ కాగితం మీద లెక్క వేసుకున్నాడు: అచ్చు కాకుండా పోయిన వ్యాసం వల్ల నష్టం 1 పౌండు 11 షిల్లింగుల 6 పెన్నీలు, సంతాప కవితల మీద లాభం 2 పౌండ్ల 2 షిల్లింగులు, వ్యాసాల మీద 3 పౌండ్ల 3 షిల్లింగులు. కింద తేడా తీసి, ఆయన చచ్చినందుకు 3 పౌండ్ల 13 షిల్లింగుల 6 పెన్నీల సంతోషం అని రాశాడు. ఆగస్టు 24న హోల్బర్న్‌లో బ్రూక్ స్ట్రీట్ అటకగదిలో విషం వల్ల చనిపోయాడు. అతని జేబుపుస్తకం ప్రకారం పత్రికలవాళ్లు అప్పటికే తీసుకున్న రాతలకు ఇంకా పది పౌండ్ల పైనే బాకీ ఉన్నారు.